పడవకి చిల్లర

చిల్లరక్క ఇంతవరకూ సముద్రం చూడలేదు. చూడలేదు గానీ, సముద్రం ఒడ్డున నాలుగు రోజులు కాళ్ళు చాపుకుని కూర్చుందామని పరాయి దేశం వెళ్ళేవాళ్ళు ఎవరైనా ముందు ఆవిడ ముందుకొచ్చి కూర్చోవాల్సిందే. ఎక్కడ ఏ డబ్బు చెల్లుతుంది, పెద్ద నోట్లు ఎన్ని, చిన్న నోట్లు ఎన్ని, ఏవి సంచిలో పెట్టాలి, ఏవి జేబులో పెట్టాలి, ఇవన్నీ చెప్పి పంపించడమే ఆవిడ ఉద్యోగం.

దుకాణం పెద్దదేం కాదు. ఒక పక్క విమానం టికెట్లు అమ్మే ఆఫీసు, ఇంకో పక్క కళ్ళజోళ్ళ షాపు, రెండింటి మధ్య ఇరికించినట్టు ఇది. లోపల అడ్డంగా గాజు పలక. దాని వెనక ఆవిడ, నోట్లు లెక్కపెట్టే మిషను, మూడు సొరుగులు. దాని ముందు నీలం రెగ్జిను వేసిన రెండు కుర్చీలు. ఇంకా వెనక ఒక తెర, తెర వెనక ఓనరు. ఆయన ఫోను చెవికి పెట్టుకునే పుట్టాడేమో తెలియదు, ఎప్పుడు చూసినా ఎవరితోనో రేటు గురించి పోట్లాడుతూనే ఉంటాడు. మనిషి మంచివాడే, గొంతే పెద్దది.

ఈ కొలువుకి ముందు ఆవిడ సినిమా హాలు గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపేది. హాలు మూతపడ్డాక కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంది. భర్త బడి పిల్లల వ్యాను నడుపుతాడు. ఆ వ్యానులో వెళ్ళే ఒక పిల్ల తాతగారే ఈ ఓనరు. "కాగితం పట్టుకుంటే చాలు సార్, అసలో నకిలీయో మా ఆవిడ వేళ్ళే చెప్పేస్తాయి" అని భర్త ఆయన దగ్గర కోతలు కోశాడు. ఓనరు నమ్మాడు. నమ్మినందుకు నష్టపోలేదు కూడా.

చిల్లర అని ఇంకెవర్నన్నా అని చూడండి, కొట్టడానికి వస్తారు. ఈవిడ మాత్రం ఆ పేరు చూసుకుని మురిసిపోయేది. పేరు ఊరికే రాలేదు. గాజుకి అటువైపు కూర్చున్నవాళ్ళు "అన్నీ డాలర్లే ఇచ్చేయండి" అంటే చాలు, మొదలుపెట్టేది.

"రిసార్టువాళ్ళు డాలర్లు కళ్ళకద్దుకుని తీసుకుంటారు సార్, కాదనను. మరి ఒడ్డున గొడుగు అద్దెకిచ్చేవాడో? పడవవాడో? మీ వంద డాలర్ల నోటు తీసుకుని వాడేం చేసుకుంటాడు, కొరుక్కుతింటాడా? గదికి డాలర్లు, గది దాటితే అక్కడి చిన్న నోట్లు. చిల్లర లేకపోతే సముద్రాన్ని కిటికీలోంచి చూసి రావాల్సిందే."

సలహా అడిగేవాళ్ళంతా వినడానికి అడగరు. సగం మంది తాము ముందే అనుకున్నది ఇంకొకరి నోట వినడానికి అడుగుతారు. చిల్లరక్క అలాంటివాళ్ళ చేత కూడా చిన్న నోట్లు కొనిపించేది.

ఆ దుకాణంలో ఇంకో ఆనవాయితీ ఉంది. తిరిగొచ్చినవాళ్ళు మిగిలిన నోట్లు అమ్ముకోవడానికి వస్తారు కదా. అన్నీ తీసుకుని, అందులో అన్నిటికంటే చిన్న నోటు ఒకటి గాజు కిందనుంచి వెనక్కి తోసి, "ఇది ఉంచుకోండి, మళ్ళీ వెళ్ళాలిగా" అనాలి. కొన్నవాడు మళ్ళీ రావాలని ఓనరు కనిపెట్టిన ఎత్తు అది. చిల్లరక్క నోట్లో పడ్డాక అది ఎత్తులా ఉండేది కాదు, పెద్దముత్తయిదువ దీవించినట్టు ఉండేది. జనం నవ్వుకుంటూ ఆ నోటు పర్సులో పెట్టుకుని పోయేవాళ్ళు.

ఆ సలహా, ఆ దీవెన, రెండూ కలిసి ఆవిడ మనశ్శాంతిని మింగేశాయి.

ఒకరోజు పొద్దున్నే భార్యాభర్తలు వచ్చారు. నడివయసు వాళ్ళు, పిల్లల్లేరు. ఆయన చొక్కా గుండీ మెడదాకా పెట్టుకునే రకం. ఆవిడ అప్పుడే కొన్న ఎండటోపీ పెట్టుకునే వచ్చేసింది. టోపీ అంచుకి ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది, ఫ్యాను గాలికి టపటప కొట్టుకుంటోంది. వెళ్ళేది దీవులకి. వచ్చేముందే ఇంట్లో ఒక విడత వాదన అయినట్టుంది, రెండో విడత గాజు ముందు మొదలైంది.

"అన్నీ డాలర్లే తీసుకుందాం. రిసార్టులో అవే చాలట. ఆ దీవుల నోట్లు మిగిలిపోతే మార్చుకోవడానికి మళ్ళీ నష్టం," అన్నాడాయన.

"గదిలో ముసుగుతన్ని పడుకోడానికా అంత దూరం పోయేది? నేను పడవెక్కాలి, గవ్వలు కొనుక్కోవాలి." ఆవిడ గాజు మీదకి వంగింది. "మీరు చెప్పండక్కా. నేను చెప్తే ఈయన చెవిన వేసుకోడు."

చిల్లరక్క తన పాఠం మొత్తం అప్పజెప్పింది. ఆఖర్న దీవుల నోట్లలో అన్నిటికంటే చిన్నది తీసి చూపించింది. దాని మీద తెరచాప పడవ బొమ్మ. "ఇలాంటివి ఒక కట్ట ఉంచుకోండమ్మా. ఎప్పుడు కావాలంటే అప్పుడు పడవెక్కొచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు."

"బతికించారక్కా!" అంది ఆవిడ, కట్ట అందుకుని భర్త ముక్కు ముందు ఆడిస్తూ. "పొద్దున్నుంచీ ఈయనతో వాదించలేక చస్తున్నా."

ఆయన కూడా నవ్వాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

సెలవులు అయ్యాక ఆయన ఒక్కడే వచ్చాడు. మిగిలిన నోట్లు గాజు కిందకి తోశాడు. పొద్దుటినుంచీ రద్దీ, చిల్లరక్క తల ఎత్తకుండానే లెక్కపెట్టింది, తల ఎత్తకుండానే అలవాటు ప్రకారం ఒక చిన్న నోటు వెనక్కి తోసింది. "ఇది ఉంచుకోండి సార్. ఇద్దరూ మళ్ళీ వెళ్ళాలిగా."

ఆయన నోటు తీసుకుని ముందూ వెనకా చూశాడు. "ఇద్దరం వెళ్ళాలా?" అని అడిగాడు.

"వెళ్ళాలి మరి! ఈసారి ఇంకా ఎక్కువ రోజులు ఉండి రండి."

డాక్టరు మందు రాసిస్తే తలూపినట్టు ఊపాడు. నోటు చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయనిచ్చిన నోట్లలో కొన్నిటిని మిషను పట్టుకోలేదు, ఉమ్మేసింది. తీసి చూస్తే అప్పడాల్లా బిరుసెక్కి ఉన్నాయి. వేళ్ళకి తెల్లటి పొడి అంటింది. నాలిక్కి తాకించుకుంటే ఉప్పు. నోట్లతో సహా నీళ్ళలో గంతులేశారు కాబోలు అని చిల్లరక్క తనలో తనే నవ్వుకుంది. అంతలో పక్క ఆఫీసు టికెట్లాయన వచ్చి, పోయిన మనిషి వీపు వంక చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"పాపం, తిరుగు టికెట్టు ఒకటి అలాగే మిగిలిపోయింది. డబ్బు వెనక్కిప్పిస్తానన్నా తీసుకోలేదు," అన్నాడు.

ఏమైందో అప్పుడు తెలిసింది. ఆయనకి తలనొప్పి వచ్చి గదిలో పడుకున్నాడు. ఆవిడ ఒక్కతే ఒడ్డుకి వెళ్ళింది. చేతిలో చిన్న నోట్లున్నాయి, పడవవాడు పిలిచాడు, ఎక్కింది. సముద్రం మధ్యలో ఒక ఇసుక తిన్నె ఉందట. పొద్దున తేలి ఉంటుంది, సాయంత్రం పోటు వచ్చేసరికి మునిగిపోతుంది. జనాన్ని అక్కడ దింపి, మళ్ళీ ఎక్కించుకుని తీసుకొస్తారు. ఆ రోజు పడవవాడు తలలు లెక్కపెట్టుకోకుండా తిరిగొచ్చేశాడు. ఆవిడ తిన్నెకి ఆ చివర గవ్వలు ఏరుకుంటూ ఉండిపోయింది. తర్వాత వెతికితే సంచి దొరికింది. మనిషి దొరకలేదు.

చిల్లరక్క అయ్యో పాపం అనుకుని ఊరుకుంటే పోయేది. కానీ ఆవిడకి ఆ పడవ కనిపించింది, పడవ దగ్గర నిలబడ్డ ఆడమనిషి చేతిలో తన చేత్తో కట్టిన కట్ట కనిపించింది. అన్నీ డాలర్లే అయ్యుంటే పడవవాడు చిల్లర లేదు పొమ్మనేవాడు. ఆవిడ మొగుడిని తిట్టుకుంటూ గదికి వచ్చేసేది. బతికి ఉండేది.

ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పుకుని ఏడ్చింది.

"నువ్వు నోట్లిచ్చావు, పడవ ఎక్కించలేదు కదా," అన్నాడు ఆయన. "రోజూ నేను ఇంతమంది పిల్లల్ని దింపుతాను. దిగాక వాళ్ళేం చేస్తారో నాకేం తెలుసు?" అనడమైతే అన్నాడు. వ్యాను తలుపు వేసే ముందు తలలు లెక్కపెట్టుకోని రోజు ఆయన జీవితంలో లేదు.

మర్నాటి నుంచి చిల్లరక్క చిన్న నోట్ల ఊసెత్తడం మానేసింది. అడిగినవాళ్ళకి కూడా ముళ్ళ మీద నడిచినట్టు ఇచ్చేది. "ఏమ్మా, చిల్లర అమ్మని చిల్లరక్కవి అయిపోయావే!" అని ఓనరు తెర వెనకనుంచి వెక్కిరించాడు. పేరు మాత్రం వదల్లేదు.

ఏడాది తిరిగింది. సరిగ్గా సెలవుల ముందు, దీవులనుంచి ఒక్కడే తిరిగొచ్చిన ఆయన మళ్ళీ వచ్చాడు. ఒక కుర్చీ లాగి, పక్కకి జరిగి, ఎవరో కూర్చునేదాకా ఆగి, తర్వాత రెండోది లాక్కుని తను కూర్చున్నాడు.

"మళ్ళీ వెళ్ళమన్నారుగా. ఈసారి మేమేం పట్టుకెళ్ళాలి?" అని అడిగాడు.

చిల్లరక్క ఎలాగో కూడదీసుకుని, "డాలర్లు చాలు సార్," అంది.

ఆయన పక్క కుర్చీ వైపు తల వంచి విన్నాడు. విని, "చిన్న నోట్లు కూడా కావాలంటోంది," అన్నాడు.

మీ ఆవిడ లేదు సార్ అని చెప్పాలి. ఎలా చెబుతారు? చెబితే వెనకే ఇంకోటి చెప్పాల్సి వస్తుంది, ఆ పడవకి చిల్లర ఇచ్చింది నేనే అని. చిల్లరక్క సొరుగు తీసి పడవ బొమ్మ కట్ట ఇచ్చేసింది.

అక్కణ్ణుంచి ఏటా అదే తంతు. టికెట్లాయన దగ్గర రెండు టికెట్లు, ఇక్కడ ఇద్దరికి సరిపడా నోట్లు. ఓనరు ఆయనకి ఇద్దరాయన అని పేరు పెట్టాడు. "ఇద్దరికి కొంటాడు, ఒక్కడే తిరిగొచ్చి అమ్ముతాడు. మనకేం పోయింది?" అనేవాడు. తిరిగొచ్చాక ఆయన నోట్లు తోసి, చిన్న నోటు వెనక్కి వచ్చేదాకా కూర్చునేవాడు. ఒక ఏడు చిల్లరక్క ఇవ్వకుండా బిగబట్టి చూసింది. ఆయన కోప్పడలేదు, అడగలేదు, షట్టరు దించే వేళదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇచ్చేదాకా లేవలేదు.

మూడో ఏడో, నాలుగో ఏడో, ఆవిడ ఒక పొరపాటు చేసింది. కట్ట లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తూ, వచ్చినవాళ్ళందర్నీ అడిగే ధోరణిలో, ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "మీరేమంటారమ్మా, సరిపోతాయా?" అనేసింది.

ఆయన మొహం విప్పారింది. ఆవిడ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. "సరిపోతాయంటోంది," అన్నాడు.

ఆ క్షణం నుంచి చిల్లరక్కకి ఆ కుర్చీ ఖాళీగా లేదు.

మిగతా రోజుల్లో కూడా లేదు. పొద్దున్నే దుమ్ము దులిపేటప్పుడు ఆ కుర్చీని ముందు దులిపేది. ఎవరైనా అందులో కూర్చోబోతే "అది కాస్త ఊగుతుంది, ఇందులో కూర్చోండి" అని ఇంకోటి చూపించేది. ఊగడం లేదు, ఏమీ లేదు. ఎండటోపీ పెట్టుకుని ఎవరు వచ్చినా ముందు టోపీ అంచుకి చీటీ ఉందా అని చూసేది. దీవుల నోట్లున్న మూడో సొరుగు తీస్తే ఉప్పు వాసన, ఎన్నిసార్లు తుడిచినా అదే వాసన. జనం లేనప్పుడు ఫ్యాను కింద కూర్చుంటే ధర చీటీ టపటప కొట్టుకునే చప్పుడు వినపడేది. క్యాలెండరు అనుకుని క్యాలెండరు తీసి లోపల పెట్టింది. చప్పుడు పోలేదు.

"బతికించారక్కా" అన్న మాట సంగతి సరేసరి. ఎవరు దేనికి ఆ మాట వాడినా చిల్లరక్క చేతిలో పని ఆగిపోయేది. జనం ఆ మాట రోజుకి ఎన్నిసార్లు వాడతారో ఎవరైనా గమనించారా? బస్సులో చోటు ఇస్తే బతికించారు, తాళంచెవి దొరికితే బతికించారు. ఒక్కరైనా ఆలోచించి అనరు.

ఇద్దరాయన వెళ్ళిన రోజునుంచి వచ్చేదాకా ఆవిడకి ముద్ద దిగేది కాదు. ఇంట్లో భర్తకీ కూతురికీ అది తెలుసు. "ఇద్దరాయన వెళ్ళాడా?" అని భర్త కంచం వంక చూసి అడిగేవాడు. వెళ్ళాడని తలూపేది. పడవ గురించి ఇద్దరాయనే ఒకసారి చెప్పాడు మరి. "అదే పడవ, అదే తిన్నె. ఇద్దరికీ డబ్బులిస్తాను. మొదట్లో పడవవాడు వద్దనేవాడు, ఇప్పుడు తీసుకుంటున్నాడు. వెళ్ళేటప్పుడు తను ఎక్కుతుంది. వచ్చేటప్పుడు ఎక్కదు. ఎంత పిలిచినా గవ్వలు ఏరుకుంటూ ఉండిపోతుంది." వానొచ్చేలా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. ఏదో ఒక ఏడు ఈ మనిషి కూడా ఆ తిన్నె మీదే ఉండిపోతాడని చిల్లరక్క భయం. ఇద్దరూ వెళ్ళాలిగా అని పంపించిన నోరు తనదే.

ఈ ఏడు ఆయన వచ్చినప్పుడు చూడగానే తేడా తెలిసింది. నున్నగా గడ్డం గీసుకున్నాడు. కొత్త చొక్కా, మెడ దగ్గర గుండీ విప్పి ఉంది. కుర్చీ లాగడం, ఆగడం, కూర్చోవడం అన్నీ మామూలే. మొహంలో మాత్రం చాలాకాలంగా తెగని లెక్క తేలిపోయినవాడి నిమ్మళం.

"ఏమ్మా, బాగున్నారా?" అని కూడా పలకరించాడు. "ఈసారి ఎక్కువ వద్దు. వెళ్ళడానికి సరిపడా చాలు. వచ్చేటప్పుడు పడవకి అక్కర్లేదు."

"అదేంటి సార్?"

"తిరుగు పడవ వదిలేస్తాం. ప్రతిసారీ తనని వదిలేసి నేనే వస్తున్నాను. అది బాలేదు. ఈసారి నేనూ తనతోపాటు ఉంటాను. గవ్వలు ఏరుకోవడం ఎప్పటికి అవుతుందో అప్పుడే వస్తాం."

"సాయంత్రానికి పోటు వస్తుంది కదా సార్?"

"వస్తుంది," అన్నాడు ఆయన.

చిల్లరక్క చెయ్యి మూడో సొరుగు మీదికి వెళ్ళి ఆగింది. సొరుగు నిండా పడవలే.

"చిన్న నోట్లు లేవు సార్," అంది.

"ఉన్నాయిగా!" తెర వెనకనుంచి ఓనరు గొంతు ఖంగుమంది. "పొద్దున్నేగా కట్టలు పెట్టించాను! మూడో సొరుగులో చూడు!"

అబద్ధం చెప్పడం సరిగ్గా చేతకాని మనిషి చెప్పిన అబద్ధం అలా మంటగలిసింది. ఇద్దరాయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు. చిల్లరక్క సొరుగుకి తాళం వేసింది. తాళంచెవి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఉన్నాయి. ఇవ్వను."

"అదేంటమ్మా?"

"ఇవ్వను సార్. నా ఉద్యోగం పోయినా ఇవ్వను. మొదటిసారి మీరు డాలర్లు చాలన్నారు, గుర్తుందా? మీరన్నదే రైటు. నేనే మీ మాట కాదని మేడంకి చిల్లర కట్ట కట్టిచ్చాను. ఎవర్నీ అడగకుండా పడవెక్కొచ్చు అని కూడా చెప్పాను. ఆవిడ అడక్కుండానే ఎక్కింది. ఆ నోట్లు లేకపోతే ఎక్కేది కాదు. ఇన్నేళ్ళూ మీ మొహం చూస్తూ ఈ మాట చెప్పలేక చచ్చిపోయాను సార్." ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని చూడలేదు కూడా. పక్క కుర్చీ వైపు తిరిగింది. "అమ్మా, నీకూ చెప్తున్నా. ఈసారి చిల్లర లేదు."

తెర వెనక ఫోను సంభాషణ కూడా ఆగిపోయింది. ఇద్దరాయన కుర్చీ వైపు తల వంచాడు. చాలాసేపు విన్నాడు. ఎప్పుడూ అంతసేపు వినలేదు.

"చిల్లర లేకపోతే పడవవాడు ఎక్కించుకోడు కదా," అన్నాడు చివరికి. ఎవర్ని అడుగుతున్నాడో తెలియలేదు.

"ఎక్కించుకోడు సార్."

"మరి నేను అప్పుడు డాలర్లన్నాను కదా."

"అన్నారు సార్. మీరే రైటు."

"అయితే తను ఒడ్డునే ఉంటుంది."

"ఉంటుంది."

ఆయన అర్థమైనట్టు తలూపాడు. పెద్ద డాలరు నోట్లు మాత్రం తీసుకున్నాడు. లేచి, కుర్చీతో "పద" అన్నాడు. గుమ్మం దగ్గర తలుపు తెరిచి పట్టుకుని, పక్కకి తప్పుకుని, ఆగి, తర్వాత తను వెళ్ళాడు.

ఓనరు తెర తీసుకుని బయటికి వచ్చాడు. తిడతాడనుకుంది. ఆయన ఆవిడ మొహం చూసి, మంచినీళ్ళ సీసా గాజు పక్కన పెట్టి మళ్ళీ లోపలికి పోయాడు.

ఆ తర్వాత రోజులు చిల్లరక్కకి ఎలా గడిచాయో చెప్పడం కష్టం. విమానాశ్రయంలో డబ్బు మార్చేవాళ్ళు ఉంటారు. దీవుల్లో అడుగడుక్కీ ఉంటారు. చిన్న నోట్లు దొరకడం ఎంతసేపు? తను ఇవ్వనంత మాత్రాన ఆగుతాడా? టికెట్లాయన గుమ్మం దాటిన ప్రతిసారీ ఆయన మొహంలోకి చూసేది. కూతురు బలవంతాన రెండు ముద్దలు తినిపించేది. భర్త సాయంత్రం వ్యానులో దుకాణం ముందుకే వచ్చి, ఏమీ అడక్కుండా ఎక్కించుకుని వెళ్ళేవాడు.

సెలవులు అయిపోయాయి. ఇంకొన్ని రోజులు పోయాయి. అప్పుడు వచ్చాడు.

ఎండకి మొహం కమిలి ఉంది. చిల్లరక్కకి ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడి రెండు చేతులూ జోడించేసింది.

"ఒడ్డునే కూర్చున్నాం," అన్నాడాయన, నిలబడే. "పడవ వచ్చింది. వాడు పిలిచాడు. పెద్ద నోటు చూపించాను. చిల్లర లేదన్నాడు, వెళ్ళిపోయాడు. తనకి కోపం వచ్చింది, రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం పోటు వచ్చింది. తిన్నె మునిగిపోవడం ఇద్దరం ఒడ్డు మీదనుంచే చూశాం. అప్పుడు నవ్వింది."

"మంచి పని చేశారు సార్."

"విమానం కూడా ఎక్కింది. తను తిరిగి రావడం ఇదే మొదలు." ఆయన జేబులోంచి పాతబడి మెత్తబడిన చిన్న నోటు తీసి గాజు కిందకి తోశాడు. పడవ బొమ్మ అరిగిపోయి పడవో కాదో తెలియకుండా ఉంది. "ఇది మీరు మొదటిసారి ఇచ్చింది. ఇంక మాకు అక్కర్లేదు. మళ్ళీ వెళ్ళం."

చిల్లరక్క నోటు అందుకుంది. దాన్ని తీసేసుకుంటే చాలు, అంతా అయిపోయినట్టే అనిపించింది. ఎన్నో ఏళ్ళకి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

ఆయన అప్పుడు కుర్చీ లాగాడు. ఒక్కటే లాగాడు. పక్కకి జరిగి, ఆగి, కుర్చీని నెమ్మదిగా గాజు దగ్గరికి జరిపాడు. తను మాత్రం కూర్చోలేదు.

"ఇక్కడిదాకా వచ్చాం," అన్నాడు. "ఇంటికి రానంటోంది. నాతో పనైపోయిందట. మీతో ఏదో మాట్లాడాలంటోంది."

"నాతోనా సార్?"

"అక్కతోనే మాట్లాడాలంటోంది. ఆడవాళ్ళు, మధ్యలో నేనెందుకు? మీరు మాట్లాడుకోండి."

తలుపు తెరుచుకుని, ఎవరికోసమూ పట్టుకోకుండా, మామూలు మనిషిలా చకచకా వీధిలోకి వెళ్ళిపోయాడు. చిల్లరక్క "సార్! సార్!" అని పిలిచింది. ఆయన వెనక్కి తిరగలేదు.

దుకాణంలో ఇంకెవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. చిల్లరక్క చాలాసేపు గాజు ఇవతల కూర్చుని కుర్చీ వంకే చూసింది. గుప్పిట్లో నోటు చెమటకి తడిసింది, ఉప్పు వాసన వేస్తోంది.

"చెప్పమ్మా," అంది చివరికి, గొంతు తనదే అయినా తనకే కొత్తగా ఉంది. "నా మీద కోపమా?"

ఇన్నేళ్ళూ ఆవిడ ఏమంటోందో విని చెప్పడానికి ఆయన ఉండేవాడు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. చిల్లరక్క ఆయనలాగే కుర్చీ వైపు తల వంచి, ఊపిరి బిగబట్టి వినాలని చూసింది.

తెర వెనకనుంచి ఓనరు కేకేశాడు. "ఎవరమ్మా కౌంటర్లో? ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కరే సార్," అంది చిల్లరక్క.